జీర్ణాశయపు లోపొర: క్యాన్సరుకు ముందటి మెట్లు

కడుపులో మంట అని, పులిత్రేనుపులు అని, తిన్నది అరుగుట లేదని చెప్పుకొనని గృహము మనలో అరుదు. సోడా ఉప్పు నీళ్ళలో కలిపి త్రాగువారు కొందరు. వాము నమలువారు కొందరు. మందుల దుకాణములో అడిగి ఏదో ఒక మాత్ర మ్రింగువారు మరికొందరు. ఈ మంటలలో చాలభాగము వచ్చి పోవునవే. వానికై భయపడవలసిన పని లేదు. నేడు మేము శ్రోతలకు చెప్పదలచినది ఆ మంటను గూర్చి కాదు. మంటయు నొప్పియు లేకుండగనే, జీర్ణాశయపు లోపొరలో 20, 30 ఏండ్లపాటు నెమ్మదిగా జరిగిపోవు ఒక మార్పును గూర్చి. ఆ మార్పు అందరిలోను తుదివరకు సాగదు. సాగిన కొద్దిమందిలో మాత్రము దాని చివరిమెట్టు క్యాన్సరు.

ఈ విషయము ఇప్పుడు చెప్పవలసి వచ్చుటకు కారణము కలదు. ఎండోస్కోపు పరీక్ష ఒకప్పుడు మహానగరములలోని పెద్ద ఆసుపత్రులకే పరిమితము. నేడు జిల్లా పట్టణములలో సైతము జరుగుచున్నది. వైద్యుడు సన్నని గొట్టమును నోటిద్వారా దింపి లోపొరను కన్నులార చూచుటయే గాక, బియ్యపుగింజకన్న చిన్నవైన ముక్కలు కొన్ని గిల్లి తీసి పరీక్షకు పంపును. కొన్ని దినములకు చేతికి వచ్చు కాగితముపై ‘అట్రోఫిక్ గాస్ట్రైటిస్’ అనియో, ‘ఇంటెస్టినల్ మెటాప్లేసియా’ అనియో వ్రాసి ఉండును. ఆ మాటలు చదివినవారు రెండు విధములుగా ఉందురు. కొందరు ఆ రాత్రినుండి నిద్ర మానుదురు. మరికొందరు కాగితమును మడిచి బీరువాలో పెట్టి మరచిపోవుదురు. రెండును తగవు. ఆ కాగితములో నున్నది క్యాన్సరు కాదు. అట్లని చూచి వదలివేయదగినదియు కాదు. అది ఎన్నవ మెట్టు, ఆ మెట్టునకు మనిషిని ఎక్కించినదేది, అక్కడినుండి దిగుటకు వీలున్నదా లేదా అను మూడు సంగతులు తెలిసికొనవలెను.

ముందుగా ఆ పొర సంగతి. జీర్ణాశయము ఒక విచిత్రమైన పాత్ర. అది స్రవించు హైడ్రోక్లోరిక్ ఆమ్లము మాంసమును సైతము కరిగించుటకు తోడ్పడును. అట్టి ఆమ్లమును నింపుకొనియు తాను మాత్రము చెక్కు చెదరదు. కారణము, లోపలి గోడను అంటిపెట్టుకొని ఉండు జిగట. ఆ జిగట క్రింద లక్షలకొలది సన్నని గ్రంథులు కలవు. వానిలో కొన్ని కణములు ఆమ్లమును, కొన్ని మాంసకృత్తులను విరుచు పెప్సినును, కొన్ని జిగటను తయారుచేయును. పైవరుసలోని కణములు కొద్ది దినములకే రాలిపోయి, వాని స్థానమున క్రొత్తవి పుట్టును. ఇంత త్వరగా అరుగుచు ఇంత త్వరగా పుట్టుచు ఉండుచోట, ఒక గాయము మానకుండ ఏండ్లతరబడి నిలిచిపోయినచో, పుట్టు కణములలో పొరపాట్లు దొర్లుటకు అవకాశము పెరుగును. ఇక తెలియవలసినదెల్ల, ఆ గాయమును మాననీయనివి ఏవి అను సంగతియే.

ఈ మార్పునకు మెట్లున్నవని ప్రపంచమునకు స్పష్టముగా చూపినవారు పెలాయో కొర్రెయా. ఆయన దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున పుట్టిన వైద్యుడు. కణజాలమును సూక్ష్మదర్శినిలో పరీక్షించుట ఆయన వృత్తి. 1975లో ఆయనయు, విలియం హెన్‌సెల్ మొదలగు సహచరులును కలిసి ‘లాన్సెట్’ పత్రికలో ఒక నమూనాను ప్రకటించిరి. తరువాతి పరిశోధకులు దానిని దిద్ది పెంచినారు గాని, దాని రూపము నేటికిని నిలిచియున్నది. మొదటిమెట్టు, లోపొర వాచుట. ఏండ్లు గడచినకొద్ది ఆ వాపువలన గ్రంథులు ఒక్కొక్కటియే క్షీణించును, ఆమ్లము తగ్గును. ఇది రెండవమెట్టు, కాగితముపై ‘అట్రోఫీ’ అని వ్రాయునది దీనినే. గ్రంథులు పోయిన చోట, వాని జాతికి చెందని కణములు మొలచును. జీర్ణాశయములో ఉండవలసినవి కాక చిన్నప్రేగులో ఉండదగిన కణములు వచ్చి కూర్చొనును. వరి చచ్చిన మడిలో తుంగ మొలచినట్లన్నమాట. ఇది మూడవమెట్టు; ‘మెటాప్లేసియా’ అను మాటకు అర్థమిదియే. ఆపైన కణముల ఆకారము, అమరిక చెడుట నాలుగవమెట్టు. దానిని ‘డిస్ప్లేసియా’ అందురు. ఐదవది క్యాన్సరు. జీర్ణాశయపు క్యాన్సరులలో ఈ దారిని పట్టనివియు కొన్ని కలవు. అవి పడుచువారిలోను వచ్చును, వంశమును బట్టియు వచ్చును. వాని కథ వేరు, నేడు మేము దానిని స్పృశించుట లేదు.

1975 నాటికి ఈ మెట్లు తెలిసినవి గాని, మొదటిమెట్టు ఎక్కించునదేదో సరిగా తెలియలేదు. ఉప్పును అనుమానించిరి, ఆహారములోని నైట్రేటులను అనుమానించిరి. అసలు దోషి ఏడేండ్ల తరువాత గాని పట్టుబడలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్ అను వైద్యుడు వాచిన లోపొరల ముక్కలలో మెలితిరిగిన సూక్ష్మజీవులను పదే పదే చూచుచుండెను. అంతటి ఆమ్లములో ఏ క్రిమియు బ్రతుకజాలదని నాటి వైద్యలోకపు నమ్మకము. కావున ఆయన మాట వినువారు తక్కువ. బారీ మార్షల్ అను యువవైద్యుడు మాత్రము ఆయనతో చేరి, ఆ క్రిమిని గాజుపళ్ళెములలో పెంచుటకు పూనుకొనెను. ఎన్నిమార్లు ప్రయత్నించినను అది పెరుగలేదు. 1982 ఏప్రిలులో ఈస్టరు సెలవులు వచ్చుటచేత, మామూలుగా రెండు దినములకే పారవేయు పళ్ళెములు ఇంకొన్ని దినములు అటులనే ఉండిపోయెను. తిరిగివచ్చి చూచునప్పటికి క్రిమి పెరిగియుండెను! నెమ్మదిగా పెరుగుట దాని స్వభావమని అప్పుడు తెలిసినది. 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవమును తానే త్రాగి, కొద్ది దినములలో తన జీర్ణాశయపు పొర వాచినదని పరీక్షలో చూపించెను. ఇరువురికి 2005లో నోబెల్ బహుమానము లభించెను. ఆ క్రిమికి నేటి పేరు హెలికోబాక్టర్ పైలోరీ. యూరియాను విరిచి అమ్మోనియాను పుట్టించి, ఆ అమ్మోనియాతో తనచుట్టునున్న ఆమ్లమును చంపుకొని, అది జిగటలో తలదాచుకొనును. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంఘము 1994లో దీనిని నిశ్చయముగా క్యాన్సరు కారకములలో చేర్చినది.

ఆ నిర్ణయములోని న్యాయము జపానులో జరిగిన ఒక పరిశీలనలో తెల్లమగును. 2001లో ప్రకటింపబడిన దానిలో, 1526 మందిని సగటున 7.8 ఏండ్లపాటు గమనించిరి. వారిలో క్రిమి ఉన్నవారు 1246 మంది. లేనివారు 280 మంది. ఉన్నవారిలో 36 మందికి జీర్ణాశయపు క్యాన్సరు వచ్చినది. లేనివారిలో ఒక్కరికిని రాలేదు.

ఈ క్రిమి చాలమందికి బాల్యములోనే, ఇంటిలోని వారినుండియే సంక్రమించును. ఇరుకు ఇండ్లు, శుభ్రమైన నీటి కొరత, ఒకే మంచముపై నలుగురు పిల్లలు పడుకొనుట, ఇవి దానికి అనుకూలము. ఒకసారి ప్రవేశించినదా, మందు పుచ్చుకొననిచో సాధారణముగా జన్మాంతము ఉండును. మన దేశములో పెద్దవారిలో సగముమందికి పైగా దీనిని మోయుచున్నారు. అట్లయినచో మనలో జీర్ణాశయపు క్యాన్సరు జపానులోకన్న మిక్కుటముగా ఉండవలెను గదా? అట్లు లేదు. దేశమంతటిని లెక్కించి చూచినచో తక్కువే. ఈ చిక్కును విప్పుటకు కొర్రెయా స్వదేశములోని ఒక మూలకు పోవలసియున్నది.

కొలంబియా నైరుతిమూలన నరీన్యో అను రాష్ట్రము కలదు. దాని పడమటి అంచున పసిఫిక్ సముద్రము, టుమాకో అను రేవుపట్టణము; తూర్పున ఆండీస్ కొండలు, ఆ కొండలపై సముద్రమట్టమునకు 2000 మీటర్లకు మించిన ఎత్తులో వ్యవసాయపు గ్రామములు. కొండమీది గ్రామములలోను, తీరమునందును ఈ క్రిమి పదిమందిలో తొమ్మిదిమందికి ఉన్నది. కాని కొండమీద జీర్ణాశయపు క్యాన్సరు తీరమునందుకన్న సుమారు 25 రెట్లు అధికము. ఒకే రాష్ట్రము, ఒకే ప్రభుత్వము, ఒకే క్రిమి. నడుమ కొన్నివందల కిలోమీటర్ల దారి. ఫలితములో మాత్రము ఇంత భేదము!

ఈ భేదమును గూర్చి పరిశోధకులు దశాబ్దములుగా పనిచేయుచున్నారు. ఒక కారణము క్రిమిలోనే ఉన్నది. క్రిములన్నియు ఒకే తీరువి కావు. కాగ్-ఎ అను ప్రోటీనును తయారుచేయు రకములు, ఆ ప్రోటీనును సూదితో ఎక్కించినట్లు మన కణములలోనికి నేరుగా పంపును. అట్టి రకములు సోకినవారిలో మార్పు త్వరగా సాగును. రెండవ కారణము మరింత ఆశ్చర్యకరము, 2014లో బయటపడినది. తీరమునందు నివసించువారిలో పెక్కురు ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి సంతతి. వారిలోని క్రిమియు ఆఫ్రికా వంశముదే. వేలయేండ్లు కలిసి బ్రతికిన ఆ యిద్దరికి ఒకవిధమైన సర్దుబాటు కుదిరినది. కొండమీదివారు ముఖ్యముగా అమెరికా ఆదివాసుల సంతతి. ఐరోపావారు వచ్చిన తరువాత వారి కడుపులలో విదేశీ క్రిములు ప్రవేశించినవి. ఇల్లొకరిది, అతిథి మరొక వంశమువాడు. ఎవరిలో ఈ పొంతన కుదరలేదో, ముఖ్యముగా ఆదివాసి రక్తము అధికముగా ఉండి ఆఫ్రికా వంశపు క్రిమి సోకినవారిలో, లోపొర మార్పులు ముదిరియుండుట కనిపించినది. మూడవది, తీరమునందలి పిల్లల కడుపులలో నులిపురుగులు ఎక్కువ. ఆ పురుగులవలన శరీరపు రక్షణవ్యవస్థ మరొకదారి పట్టి, క్రిమిపై మంటను తగ్గించునని కొందరి అభిప్రాయము. ఇది నిజమైనను, నులిపురుగులను పెంచుకొనుమని ఎవరును సలహా ఇయ్యరు! నాలుగవది, ఆహారము. తీరవాసులు సముద్రపు చేపలు, పండ్లు ఎక్కువగా తిందురు; కొండవారి కంచములో దుంపలు, ధాన్యములు ఎక్కువ.

మాకు తోచినంతలో నరీన్యో చెప్పు పాఠము ఇది: క్రిమి విత్తనమువంటిది, అది పడిన చేను, పెట్టిన ఎరువు కలిసినగాని పంట పండదు. విత్తనమును తీసివేయవచ్చును, అది వైద్యుని పని. ఎరువును మానుట మన చేతిలోనిది. వంశమును మార్చుకొనుట ఎవరి చేతిలోను లేదు.

ఆ ఎరువులలో మొదటిది ఉప్పు. మితిమీరిన ఉప్పు జీర్ణాశయపు జిగటను పలుచన చేయును. దానిక్రింది కణములను నేరుగా గాయపరచును. గాయపడినచోట క్రిమి మరింత సులభముగా పాతుకొనును. ఉప్పు ఎక్కువైనపుడు కాగ్-ఎ ఉత్పత్తి హెచ్చునని ప్రయోగశాలలో కనుగొనబడినది. జపాను, కొరియాలలో చేపలను, కూరగాయలను ఉప్పులో ఊరవేసి చలికాలమంతయు తినుట తరతరముల ఆచారము; జీర్ణాశయపు క్యాన్సరు అధికముగా ఉన్న దేశములలో అవి రెండును చేరియున్నవి. జపానునుండి హవాయి దీవులకు వలసపోయినవారిని హెన్‌సెల్ పరిశీలించెను. వలసపోయిన తరమువారు తమతో ఆ ముప్పును కొనిపోయిరి. అక్కడ పుట్టిన వారి బిడ్డలలో అది తగ్గినది. జాతి మారలేదు, బాల్యము గడచిన చోటు, కంచములోని అన్నము మారినవి.

ఉప్పుతోపాటు పొగ. ఈ విషయములో మనము కొలంబియాకు పోనక్కరలేదు. మిజోరాము మన దేశములోనిదే. మన క్యాన్సరు నమోదు కేంద్రముల నివేదికలలో పురుషులయందు జీర్ణాశయపు క్యాన్సరు మిక్కిలి అధికముగా కనిపించుచున్న చోటు అక్కడి ఐజ్వాల్ జిల్లా. ఆ కొండలలో మాంసమును, చేపలను పొయ్యిపైన వ్రేలాడగట్టి పొగకు ఎండబెట్టి దాచుకొందురు. పందికొవ్వును పులియబెట్టి ‘సా-ఉమ్’ అను వంటకము చేయుదురు. వీనికి మించి మరెక్కడను ఎక్కువగా వినబడని అలవాటొకటి అక్కడ కలదు. పొగాకు పొగను నీటిలోనికి పంపి, ఆ నీటిని సీసాలో పోసికొని, నోటిలో పుక్కిలించి ఉమియుదురు. దానిపేరు ‘తుయిబూర్’. ఈ అలవాట్లకును అక్కడి క్యాన్సరుకును సంబంధము కలదని మిజోరాములో జరిగిన పరిశోధనలు చూపినవి. ఇంతకును దేశము మొత్తముమీద ఈ వ్యాధి తక్కువ అని చెప్పు సగటు అంకె, ఐజ్వాల్‌లోని మనిషికి ఏమి ఊరట నీయగలదు?

పొగబెట్టిన, ఉప్పుబెట్టిన నిలవ పదార్థములతో వచ్చు మరొక చిక్కు నైట్రైటులు. ఆమ్లము తగ్గిన జీర్ణాశయములో ఇతర సూక్ష్మజీవులు చేరి, ఆహారములోని నైట్రేటులను నైట్రైటులుగా మార్చును. అవి మాంసకృత్తులనుండి పుట్టిన పదార్థములతో కలిసి క్యాన్సరును పుట్టింపగల రసాయనములగును. కొర్రెయా నమూనాలో ముఖ్యమైన భాగమిది. ఈ కలయికను అడ్డుకొనునది సి-విటమిను. జామ, ఉసిరి, నిమ్మ, పచ్చి ఆకుకూరలు తినువారిలో ఈ వ్యాధి తక్కువగా కనబడుటకు ఇదియొక కారణమని చెప్పుదురు.

అమెరికాలో 1930 ప్రాంతమున క్యాన్సరు మరణములలో మొదటివరుసన నిలిచినది జీర్ణాశయపు క్యాన్సరే. తరువాత అది ఏటేటా తగ్గుచు వచ్చినది. ఏ మందును కనిపెట్టి తగ్గించినది కాదు. ఇంటింటికి ఫ్రిజ్ వచ్చి ఉప్పు పీపాలు మూలబడుట, శీతకాలములోను పండ్లు దొరకుట, ఇండ్లు విశాలమై నీరు శుభ్రమగుట, వీనివలన అది తనంత తానుగా తగ్గినదని శాస్త్రజ్ఞుల ఊహ. ఎవరును తలపెట్టకయే సాధింపబడిన విజయములలో ఇదియొకటి.

శ్రోతలలో పలువురి మనస్సున ఈపాటికి ఆవకాయ జాడీ మెదలియుండును. ఆవకాయపై నేరము మోపుటకు మేము సిద్ధముగా లేము. ముద్దపప్పులో నంజుకొను బద్ద ఒకటి వేరు. కూర కొనజాలక మూడుపూటల ఊరగాయతోను, ఉప్పుచేపతోను అన్నము గడుపుకొనుట వేరు. రెండవది రుచికి సంబంధించినది కాదు, కూలికి సంబంధించినది. దినమునకు 5 గ్రాముల ఉప్పు, అనగా ఒక చిన్నచెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఊరగాయ, అప్పడము, వడియము, మజ్జిగమిరపకాయ, పొట్లములలో అమ్ము కారపు తినుబండారములు, వీనిలోని ఉప్పును ఈ చెంచాలో కలిపియే లెక్కింపవలెను. పప్పులో వేసినది మాత్రమే ఉప్పు కాదు.

పొగత్రాగుటను గూర్చి పెద్దగా చెప్పనక్కరలేదు. చుట్టగాని సిగరెట్టుగాని త్రాగువారికి జీర్ణాశయపు క్యాన్సరు ముప్పు త్రాగనివారికన్న ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. ఊపిరితిత్తులకు చేయు కీడుతో పోల్చిన ఇది చిన్నదే గనుక ఎవరును గుర్తుంచుకొనరు. వయస్సు పైబడుట మరొకటి. శరీరము తన ఆమ్లకణములపై తానే దాడిచేయు ఒక వ్యాధి కలదు. దానిలో బి-12 విటమిను లోపించి రక్తహీనత వచ్చును, లోపొరయు క్షీణించును. పూర్వము పుండునకై జీర్ణాశయములో కొంతభాగము కోసి తీసివేయబడినవారికి, పైత్యరసము వెనుకకు ఎగదన్నుచు మిగిలిన భాగమును ఏండ్లతరబడి గాయపరచవచ్చును. క్రిమి ఉన్నదో లేదో చూడకుండ ఆమ్లమును తగ్గించు మాత్రలను ఏండ్లకేండ్లు మ్రింగుటయు మంచిది కాదు. క్రిమి ఉన్నవారిలో అప్పుడు వాపు జీర్ణాశయపు నడుమభాగమునకు ప్రాకి, గ్రంథుల క్షయము హెచ్చును. ప్రతి ఉదయము పరగడుపున అట్టి మాత్ర వేసికొనుట నేడు కాఫీ త్రాగినంత అలవాటైనది గనుక దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

అన్నింటికన్న ఎక్కువగా పట్టించుకొనవలసినది కుటుంబ చరిత్ర. తల్లికో, తండ్రికో, తోబుట్టువునకో జీర్ణాశయపు క్యాన్సరు వచ్చియున్నచో, మిగిలినవారికి ముప్పు రెండు మూడు రెట్లు. రక్తమొక్కటే కారణము కాదు. వారు పెరిగిన ఇల్లు ఒకటి, తిన్న ఉప్పు ఒకటి, బాల్యములో పంచుకొన్న క్రిమియు ఒకటి. ఇట్టి కుటుంబములనే తీసికొని కొరియాలో జరిపిన పరీక్ష 2020లో వెలువడినది. రోగి తోబుట్టువులలోను బిడ్డలలోను క్రిమి ఉన్నవారిని రెండుభాగములు చేసి, ఒక భాగమునకు క్రిమిని చంపు మందును, రెండవ భాగమునకు మందులేని మాత్రలను ఇచ్చిరి. తొమ్మిదేండ్లకు పైగా గమనించిన తరువాత, మందు పుచ్చుకొన్న 832 మందిలో 10 మందికి, పుచ్చుకొనని 844 మందిలో 23 మందికి క్యాన్సరు వచ్చినది. ఒక్కవారపు మందువలన సగమునకు పైగా తగ్గినదన్నమాట. తండ్రి పోయిన ఇంట పదునొకండవ దినము కాకమునుపే ఆస్తిపత్రములు వెదకుదురు. తండ్రి పోయిన జబ్బు తమలోను ఉన్నదేమో అని ఒక శ్వాసపరీక్ష చేయించుకొన్నవారు ఎందరు?

ఇక దిగుటకు వీలున్నదా అను ప్రశ్న. తైవానుకు చెందిన మాట్సు దీవులలో 2004 నుండి 30 ఏండ్లు దాటిన వారినందరిని పరీక్షించి, క్రిమి ఉన్నవారికి మందిచ్చిరి. నాలుగేండ్లలోనే గ్రంథుల క్షయము జనములో బాగుగా తగ్గినది. మెటాప్లేసియా మాత్రము అప్పటికి తగ్గలేదు. అనగా రెండవమెట్టునుండి దిగుట సాధ్యము. మూడవమెట్టునుండి దిగుట కష్టము, అక్కడ పైకి ఎక్కకుండ నిలుపుటయే ముఖ్యము. ఐనను కాలము గడచినకొద్ది ఫలము కనబడినది. 2018 నాటికి ఆ దీవులలో జీర్ణాశయపు క్యాన్సరు మునుపటిలో సగమునకు తక్కువైనది. చైనాలోని లింక్వూ మండలమున 1995లో రెండువారములు మందు పుచ్చుకొన్నవారికి 22 ఏండ్ల తరువాతను ఆ రక్షణ నిలిచియుండెను.

భయపడువారి కొరకు కొన్ని అంకెలు. స్వీడను దేశములో 1979 మొదలు 2011 వరకు ముక్క పరీక్ష చేయించుకొన్న నాలుగులక్షలకు పైబడినవారిని పరిశీలించిరి. ఇరువదియేండ్లలో క్యాన్సరు వచ్చినవారు, లోపొర బాగుగా నున్నవారిలో 256 మందికి ఒకరు; వాపున్నవారిలో 85 మందికి ఒకరు; గ్రంథులు క్షీణించినవారిలో 50 మందికి ఒకరు; మెటాప్లేసియా ఉన్నవారిలో 39 మందికి ఒకరు; డిస్ప్లేసియా ఉన్నవారిలో 19 మందికి ఒకరు. కావున మెటాప్లేసియా అని వ్రాసిన కాగితము చేతిలోనున్న 39 మందిలో 38 మందికి ఇరువదియేండ్లలో క్యాన్సరు రాలేదు. స్వీడను అంకెలు మన దేశమునకు యథాతథముగా అతకవు గాని, మెట్టునకు మెట్టునకు మధ్యనున్న ఎడమును అవి చూపుచున్నవి.

అందరికిని ఏటేటా ఎండోస్కోపు అనవసరము. మార్పు జీర్ణాశయములో ఒకమూలనే ఉన్నదా, అంతటను వ్యాపించినదా అనునది ముఖ్యము. వ్యాపించినవారికి మూడేండ్లకొకసారి, కుటుంబములో ఈ జబ్బు ఉన్నచో అంతకన్న ముందుగా, మంచి పనితనము కలవారిచేత పరీక్ష చేయింపవలెనని ఐరోపా వైద్యసంఘముల సలహా. ఒక్క మూలకు పరిమితమై, కుటుంబచరిత్రయు లేనివారికి క్రిమిని తొలగించుటయే చాలవరకు సరిపోవును. కారణము లేకుండ బరువు తగ్గుట, మ్రింగుట కష్టమగుట, కొద్దిగా తిన్నను కడుపు నిండిపోవుట, మలము తారువలె నల్లగా పోవుట, ఇవి కనబడినచో మాత్రము మూడేండ్లు కాదు, మూడు వారములును ఆగరాదు.

క్రిమిని తొలగించు వైద్యములో ఆమ్లమును తగ్గించు మాత్రతోపాటు రెండు మూడు రకముల యాంటీబయాటిక్కులు సాధారణముగా 14 దినములు వాడుదురు. నోరు చేదగును, వికారముగా నుండును. నాలుగు దినములకే మానివేయువారు పెక్కురు. అట్లు సగములో మానుటయు, విరేచనములు పట్టినపుడెల్ల దుకాణములో మెట్రోనిడజోలు కొని రెండు మాత్రలు మ్రింగి ఊరకుండుటయు, క్రిమిని మందునకు లొంగనిదానిగా చేయును. మన దేశములో మెట్రోనిడజోలునకు లొంగని క్రిములు ఇప్పటికే హెచ్చు.

మందు ముగిసినంతమాత్రమున క్రిమి పోయినదని నమ్మరాదు. కనీసము నాలుగు వారములు గడచిన పిమ్మట శ్వాసపరీక్షచేతగాని, మలపరీక్షచేతగాని నిర్ధారించుకొనవలెను. రక్తపరీక్ష దీనికి పనికిరాదు. క్రిమి పోయిన తరువాతను రక్తములో దాని గుర్తులు చాలకాలము ఉండును. శ్వాసపరీక్షకు పోవుటకు రెండువారముల ముందునుండి, వైద్యునికి చెప్పి, ఆమ్లమును తగ్గించు మాత్రలు ఆపవలెను. లేనిచో క్రిమి లోపల ఉండియు లేనట్లు కనబడును.